మండలానికి ఫైర్ స్టేషన్ కావాలంటే: వాహనానికీ సిబ్బందికీ ప్రభుత్వ నిధులు అడిగే పద్ధతి

ఎండాకాలం మధ్యాహ్నం ఒక గడ్డివాము అంటుకుని, గాలికి ఆ నిప్పు పక్కనున్న పూరిళ్ల మీద పడితే, ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న పట్టణం నుంచి ఫైరింజన్ వచ్చేసరికి ఆర్పడానికి ఏమీ మిగలదు. మర్నాడు ఊరి పెద్దలు ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి "మా మండలానికి ఒక ఫైరింజన్ ఇప్పించండి" అని అడుగుతారు. కోరిక న్యాయమైనదే గాని, అడిగిన తీరులో ఒక లోపం ఉంది. ప్రభుత్వంలో వాహనానికి డబ్బు వచ్చే దారి వేరు, ఆ వాహనం ఎక్కే మనుషులకు జీతం వచ్చే దారి వేరు. వాహనం ఒక్కసారి కొంటే అయిపోతుంది కనుక దానికి కేంద్ర పథకాలు, ఎంపీ నిధులు, కంపెనీల విరాళాలు ఎన్నో ఆధారాలు దొరుకుతాయి. జీతం నెలనెలా, ఏటేటా, పదవీ విరమణ దాకా ఇవ్వవలసినది కనుక దానికి దాదాపుగా రాష్ట్ర ఖజానా ఒక్కటే దిక్కు. వాహనం మాత్రమే అడిగిన ఊరికి అది దొరికినా, డ్రైవరూ ఫైర్‌మన్లూ లేక షెడ్డులో నిలబడిపోవచ్చు. అందువల్ల మొదటి అర్జీలోనే పోస్టులను, వాహనాన్ని కలిపి, వీలైతే పోస్టులను ముందు రాసి అడగాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఒక మండలం లేదా చిన్న పట్టణం తరఫున ఈ పని తలకెత్తుకునే సర్పంచులకు, కౌన్సిలర్లకు, రైతు సంఘాల వారికి, ఊరి యువకులకు ఉపయోగపడాలని దీన్ని రాస్తున్నాను.

డబ్బు ఎక్కడెక్కడ ఉంటుంది

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవను మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం ఈ సేవను హోం శాఖ పరిధిలోని రాష్ట్ర స్థాయి విభాగమే నడుపుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన అగ్నిమాపక సేవల చట్టమే విభజన తర్వాత కూడా రెండు చోట్లా ఆధారంగా ఉంది. దీని అర్థం ఏమిటంటే, పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని చేసే తీర్మానం మీ అర్జీకి బలం ఇస్తుందే తప్ప, నిధులు మంజూరు చేసేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వమే.

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో అగ్నిమాపక సేవల ఖర్చు 2070 అనే ప్రధాన పద్దు కింద, 108 అనే చిన్న పద్దులో కనిపిస్తుంది. దాని లోపల జీతాలకు 010, పెట్రోలు, డీజిలు, నూనెలకు 240, మోటారు వాహనాలకు 510 అనే వివర పద్దులు ఉంటాయి. ఈ పుస్తకాలను ఆర్థిక శాఖ తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతుంది కాబట్టి, అర్జీ రాసే ముందు ఒక పూట కూర్చుని గత రెండు మూడేళ్ల అంకెలను చూసుకోవడం మంచిది. ఒక ఏడాది వాహనాల పద్దులో పెద్ద మొత్తం చూపి, జీతాల పద్దులో దానికి తగిన పెరుగుదల లేకపోతే, కొన్న వాహనాలకు కొత్త సిబ్బందిని ఇవ్వలేదేమోనని అనుమానించవచ్చు. మీ ఎమ్మెల్యే శాసనసభలో హోం శాఖ పద్దుపై చర్చ జరిగినప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా అక్కడే దొరుకుతుంది.

కేంద్రం నుంచి వచ్చే డబ్బులో చెప్పుకోదగినది, రాష్ట్రాల్లో అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ కోసం కేంద్ర హోం శాఖ 2023 జులైలో ప్రారంభించిన 5,000 కోట్ల రూపాయల పథకం. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన పదిహేనో ఆర్థిక సంఘం చేసిన సిఫార్సు నుంచి ఇది పుట్టింది. మొత్తంలో 500 కోట్లను చట్టపరమైన, మౌలిక వసతులకు సంబంధించిన సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా కేటాయించారు. మన రాష్ట్రాల వంటివి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతాన్ని సొంత బడ్జెట్ నుంచి పెట్టుకోవాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ఆ వాటా 10 శాతమే. కొత్త స్టేషన్లు కట్టడం, శిక్షణ కేంద్రాలను బలపరచడం, ఆధునిక పరికరాలు కొనడం, సాంకేతికతను మెరుగుపరచడం ఈ పథకం ఉద్దేశాలు. ఆ జాబితాలో జీతాలు లేవన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

రెండో ఆధారం విపత్తు నిధి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 48వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు విపత్తు వచ్చినప్పుడు వాడే ప్రతిస్పందన నిధినీ, ముప్పును ముందుగానే తగ్గించడానికి వాడే ఉపశమన నిధినీ ఏర్పాటు చేసుకోవాలి. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం అన్ని రాష్ట్రాలకూ కలిపి 1,60,153 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 80 శాతం ప్రతిస్పందనకు, 20 శాతం ముందస్తు ఉపశమనానికి. ఆ 80 శాతాన్ని మళ్లీ మూడుగా విడదీసి, సహాయ చర్యలకు 40, పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకూ సామర్థ్య పెంపుకూ 10 శాతం చొప్పున కేటాయించారు. పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, కమ్యూనికేషన్ సెట్ల వంటి వాటిని అడగడానికి తగిన చోటు ఆ చివరి 10 శాతమే. ఆ కాలానికి గడువు 2026 మార్చి, ఏప్రిల్ 1 నుంచి పదహారో ఆర్థిక సంఘం కాలం కనుక, అర్జీలో పాత పథకం పేరును పట్టుకుని వేలాడకుండా, ప్రస్తుతం అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రతిని జిల్లా విపత్తు నిర్వహణ విభాగంలో అడిగి తీసుకోవాలి.

ఈ పడవలూ తాళ్లూ వరదొచ్చిన రోజున గాని గుర్తుకు రావు. 2024 సెప్టెంబరు ఆరంభంలో మున్నేరు పొంగినప్పుడు ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న 9 మందిని చివరికి గట్టుకు చేర్చింది ఒక జేసీబీ. అదే వారంలో బుడమేరు ముంచిన విజయవాడ కాలనీల్లో నీరు తీశాక, ఇళ్లలో పేరుకున్న బురదను కడగడానికి ఫైరింజన్లను దించవలసి వచ్చింది. నిప్పు ఆర్పే విభాగమే నీటి నుంచి కూడా కాపాడవలసి వస్తున్నదన్న ఈ వాస్తవాన్ని నదులకు, వాగులకు దగ్గరగా ఉన్న మండలాల వారు తమ అర్జీలో తప్పకుండా రాయాలి. అగ్నిప్రమాదాల సంఖ్య ఒక్కటే చూపితే చిన్నదిగా కనిపించే అవసరం, వరద సహాయాన్ని కలిపితే తన అసలు పరిమాణంలో కనిపిస్తుంది.

అర్జీకి ముందు సేకరించవలసిన వివరాలు

అధికారి బల్ల మీదకు రోజూ వచ్చే అర్జీల్లో చాలావాటిలో "మా ప్రాంతం ఎంతో వెనుకబడినది" అన్న వాక్యం ఉంటుంది. అంకె ఉన్న కాగితం దాన్ని దాటి ముందుకు వెళుతుంది. కనుక ఒకటి రెండు నెలలు ఓపిక పట్టి వివరాలు పోగుచేయడం అవసరం.

మొదట సమాచార హక్కు చట్టం కింద జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు, జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు. మీ మండలం ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుంది, ఆ స్టేషన్‌కు మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, గత మూడేళ్లలో మీ మండలం నుంచి వచ్చిన ప్రతి కాల్‌కూ ఫోన్ వచ్చిన సమయం, బండి బయలుదేరిన సమయం, చేరిన సమయం ఏమిటి, ఉన్న వాహనాల వయసెంత, మరమ్మతుల కోసం ఏడాదిలో ఎన్ని రోజులు ఆగిపోయాయి అన్న ప్రశ్నలు అడగాలి. ప్రశ్నలను పోస్టులవారీగా విడగొట్టి, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్ అని హోదాల పేర్లతో అడిగితే, మొత్తం ఖాళీల సంఖ్య చాటున అసలు కొరత దాగిపోదు. పది మంది ఫైర్‌మన్లు ఉండి డ్రైవర్ ఆపరేటర్ ఒక్కడే ఉన్న స్టేషన్‌లో, ఆ ఒక్కడు సెలవు పెట్టిన రోజున బండి కదలదు.

వాహనం వయసు అడగమనడానికి ప్రత్యేక కారణం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి, రక్షణ, శాంతిభద్రతల అవసరాల కోసం వాడే ప్రత్యేక వాహనాలను మినహాయించి, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించడం లేదు. మీ స్టేషన్‌లోని బండి ఆ గడువుకు దగ్గరగా ఉంటే, దాన్ని తీసివేసే తేదీకి ముందే కొత్తది మంజూరు కావాలని రాతపూర్వకంగా అడగడానికి అది గట్టి ఆధారం.

తర్వాత దూరం కొలవాలి. కిలోమీటర్లు రాస్తే చాలదు, నిమిషాలు కావాలి. నీళ్లతో నిండిన ఫైరింజన్ కారులాగా పరుగెత్తదు. మన దగ్గర సాధారణంగా కనిపించే వాటర్ టెండర్ 4,500 లీటర్ల నీటిని మోస్తుంది, అంటే ఒక్క నీటి బరువే నాలుగున్నర టన్నులు. అందుచేత అంతే బరువున్న లారీనో, నీళ్ల ట్యాంకరునో స్టేషన్ ఉన్న పట్టణం నుంచి మీ ఊళ్లకు పగలు ఒకసారి, సాయంత్రం బడులు వదిలే వేళ ఒకసారి, రాత్రి ఒకసారి నడిపి సమయం రాసుకోండి. దారిలో రైల్వే గేటు ఉంటే అది ఎన్నిసార్లు, ఎంతసేపు పడుతుందో కూడా రాయండి. పల్లె ప్రాంతాల్లో కాల్ వచ్చిన 20 నిమిషాల్లో చేరాలన్నది దేశంలో అగ్నిమాపక సేవలకు సిఫార్సు చేసిన ప్రమాణం. మీ మండలంలో ఆ 20 నిమిషాల గీతకు అవతల ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇళ్లు పడుతున్నాయో ఒక పటం మీద గుర్తిస్తే, ఆ ఒక్క పుటే మీ అర్జీలో అత్యంత బలమైన భాగమవుతుంది.

జరిగిన నష్టానికి సాక్ష్యం కూడా కావాలి. రెవెన్యూ సిబ్బంది రాసిన పంచనామాలు, ఫైర్ స్టేషన్ ఇచ్చిన ప్రమాద నివేదికలు, పత్రికల్లో వచ్చిన వార్తలు తేదీల వారీగా అమర్చండి. వాటితో పాటు మండలంలోని జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, మిర్చి శీతల గిడ్డంగులు, గ్యాస్ గోదాములు, పెట్రోలు బంకులు, బాణసంచా దుకాణాలు, పడకల ఆసుపత్రులు, వసతి గృహాలు ఎన్ని ఉన్నాయో చిన్న పట్టిక వేయండి. జనాభా ప్రమాణం కూడా ఉదహరించవచ్చు: మూడు లక్షల జనాభా వరకూ ప్రతి 50,000 మందికి ఒక పంపింగ్ యూనిట్, అంటే పంపు ఉన్న ఫైరింజన్, ఉండాలని స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం చెప్పింది.

స్థలం, నీరు అన్న రెండు సంగతులను చాలామంది మంజూరు వచ్చాక చూసుకుందామని వదిలేస్తారు. ప్రతిపాదన అక్కడే ఆగిపోతుంది. ప్రధాన రహదారికి ఆనుకుని, బండి ఒక్కసారిలో తిప్పగల వెడల్పుతో, వాననీరు నిలవని ప్రభుత్వ స్థలాన్ని ముందే గుర్తించి, తహసీల్దారు నుంచి సర్వే నంబరు, విస్తీర్ణం, ఆక్రమణలు లేవన్న నివేదిక తీసుకోండి. బోరు గాని, ఓవర్‌హెడ్ ట్యాంకు గాని ఎంత దూరంలో ఉందో, బండి నింపడానికి ఎంతసేపు పడుతుందో చెప్పండి. కలెక్టర్ ఆ స్థలాన్ని అగ్నిమాపక శాఖకు కేటాయించే ప్రక్రియ మొదలైందన్న ఒక్క కాగితం ఉంటే, పై అధికారులు ఫైలును వెనక్కి పంపడానికి ఉన్న పెద్ద కారణం తొలగిపోతుంది.

మనుషుల లెక్క

ఇక్కడ కొంచెం నిదానంగా నడవాలి. ఫైరింజన్ మీద ఆరుగురు ఎక్కాలంటే ఆరు పోస్టులు చాలవు. ఆరు కుర్చీలూ పగలూ రాత్రీ, పండగ రోజూ ఆదివారమూ నిండి ఉండాలి. వారంలో 168 గంటలు ఉంటాయి. ఒక మనిషి రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే 48 గంటలు. 168ని 48తో భాగిస్తే ఒక్కో కుర్చీకి మూడున్నర మంది కావాలి. ఇంకా సెలవులు, శిక్షణ, జబ్బు కలిపి ఒక మనిషి ఏడాదిలో 60 రోజులు విధుల్లో ఉండడనుకుంటే, 313 పనిదినాల్లో 253 మాత్రమే మిగులుతాయి. అప్పుడు కుర్చీకి దాదాపు 4.3 మంది అవుతారు. ఆరు కుర్చీలకు ఇది 26. పన్నెండు గంటల షిఫ్టు పెడితే సంఖ్య తగ్గుతుంది గాని, ఎండలో మంట ఎదుట నాలుగు గంటలు నిలబడి వచ్చిన మనిషిని మళ్లీ అదే షిఫ్టులో ఇంకో ప్రమాదానికి పంపవలసి వస్తుంది. ప్రభుత్వం 26 మందిని ఇవ్వకపోవచ్చు. ఎంత తక్కువకు ఒప్పుకుంటున్నామో, దానివల్ల ఏ సమయంలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయో ఇరుపక్షాలకూ కాగితం మీద తెలియడం కోసమే ఈ లెక్క వేసి చూపాలి.

పోస్టులు సృష్టించే అధికారం హోం శాఖకు ఒంటరిగా లేదు. స్టేషన్ ప్రతిపాదన జిల్లా అగ్నిమాపక అధికారి నుంచి ప్రాంతీయ అధికారికి, అక్కడి నుంచి డైరెక్టర్ జనరల్ కార్యాలయానికి, ఆపై హోం శాఖకు వెళ్లి, చివరికి ఆర్థిక శాఖ ఆమోదం పొందాకనే జీవో వస్తుంది. ఆర్థిక శాఖ ప్రతి కొత్త పోస్టునూ ముప్ఫై ఏళ్ల బాధ్యతగా చూస్తుంది, అది దాని ధర్మం. కాబట్టి ఆ శాఖకు పనికొచ్చే విధంగా వాదన ఉండాలి. జిల్లాలో ఎక్కడైనా పని తక్కువగా ఉన్న పోస్టులుంటే వాటి సర్దుబాటుతో సగం సిబ్బందిని సమకూర్చుకోవచ్చా, మొదటి ఏడాది అవుట్‌పోస్టుగా తక్కువ మందితో మొదలుపెట్టి రెండో ఏడాది పూర్తి స్టేషన్ చేయవచ్చా అన్న ప్రత్యామ్నాయాలు మీరే సూచిస్తే ఫైలు కదిలే అవకాశం పెరుగుతుంది. అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో తీసుకోవడానికి కూడా ఆర్థిక శాఖ అనుమతి కావాలి. పైగా మంటల్లోకి వెళ్లే మనిషికి ఉద్యోగ భద్రత, బీమా, శిక్షణ లేని నియామకాన్ని అడగడం మన వైపు నుంచి సరైన పని కాదని నా అభిప్రాయం. డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండళ్ల ద్వారా భర్తీ చేస్తారు. నోటిఫికేషన్, పరీక్షలు, శిక్షణ కలిపి ఆ ప్రక్రియకు ఎక్కువ కాలం పట్టవచ్చు కనుక, ఆ మధ్య కాలానికి డిప్యుటేషన్ మీద ఎవరిని ఇస్తారో జీవో వచ్చే దశలోనే రాతలో తీసుకోవాలి.

ఏ నెలలో ఏ పని

శాఖలు వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలను తయారుచేసే పని శరదృతువులోనే మొదలవుతుంది. ఏ హోదాలో ఎంతమంది ఉన్నారో చూపే నంబర్ స్టేట్‌మెంట్లను అప్పుడే ఆర్థిక శాఖకు పంపుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో శాసనసభలో బడ్జెట్ పెట్టే సమయానికి కొత్తగా ఏదీ చేర్చడం దాదాపు అసాధ్యం. అందుచేత మీ వివరాల సేకరణ వేసవిలో మొదలై, వానాకాలం చివరికల్లా అర్జీ జిల్లా అధికారి బల్ల మీద ఉండాలి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టర్‌కు ఇస్తే రశీదు నంబరు వస్తుంది. విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే కనుక, అర్జీని అగ్నిమాపక అధికారికి ఒక ప్రతి, ఆ సంస్థ అధ్యక్షుడి హోదాలో కలెక్టర్‌కు ఒక ప్రతి ఇవ్వడం తెలివైన పని.

అర్జీ రెండు పుటలు దాటకూడదు. మిగతావన్నీ జతపత్రాలుగా ఉండాలి. మొదటి పేరా ఇలా ఉండవచ్చు: "మా మండలంలోని ఇన్ని గ్రామాల్లో ఇన్ని గ్రామాలకు సమీప అగ్నిమాపక కేంద్రం నుంచి 20 నిమిషాల్లో చేరుకోవడం సాధ్యం కావడం లేదని జతచేసిన కొలతల ద్వారా తెలియజేస్తున్నాము. గత మూడేళ్లలో ఇన్ని ప్రమాదాల్లో వాహనం చేరడానికి పట్టిన సగటు సమయం ఇంత. కావున మండల కేంద్రంలో అగ్నిమాపక కేంద్రాన్ని మంజూరు చేసి, ఇందుకు అవసరమైన ఇన్ని పోస్టులను సృష్టించి, ఒక వాటర్ టెండర్‌ను, సహాయక పరికరాలను, ఏడాది ఇంధన ఖర్చును రానున్న బడ్జెట్ అంచనాల్లో చేర్చవలసిందిగా కోరుతున్నాము." పోస్టులు, వాహనం, ఇంధనం అన్న మూడూ ఒకే వాక్యంలో ఉండటాన్ని గమనించండి. వాటిని విడదీసి మూడు అర్జీలుగా ఇస్తే అవి మూడు ఫైళ్లవుతాయి, మూడు వేర్వేరు కాలాల్లో తేలుతాయి.

అర్జీ ఇచ్చాక నెలకొకసారి ఫైలు నంబరుతో వాకబు చేయాలి. జిల్లా నుంచి "రిమార్కులు" అడిగారంటే అది తిరస్కారం కాదు. స్థలం గురించో, నీటి గురించో సందేహం ఉందని అర్థం, వెంటనే జవాబు పంపేలా స్థానిక అధికారికి మీరే కాగితాలు అందించండి. బడ్జెట్‌లో పేరు కనిపించినా పని పూర్తయినట్టు కాదు. పరిపాలనా అనుమతి ఇచ్చే జీవో వేరు, డబ్బు విడుదల చేసే ఉత్తర్వు వేరు. రెండో కాగితం రాకుండానే ఆర్థిక సంవత్సరం ముగిస్తే, మార్చి 31తో ఆ కేటాయింపు రద్దయిపోతుంది. అందుకని డిసెంబరులోనే విడుదల గురించి అడగడం మొదలుపెట్టాలి.

ఇతర ఆధారాలు, వాటి హద్దులు

పార్లమెంటు సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయల స్థానిక అభివృద్ధి నిధి ఉంటుంది. అంబులెన్సుల వంటి వాటిని దానితో కొనవచ్చు గాని, నిర్వహణ ఖర్చులకు, జీతాలకు ఆ నిధిని వాడకూడదు. పైగా వాహనాన్ని నడిపే బాధ్యత తమదని వినియోగించే శాఖ ముందుగా రాసివ్వాలి. పంచాయతీలకు పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో షరతులు లేని భాగాన్ని స్థానిక అవసరాలకు ఖర్చు పెట్టుకోవచ్చు, అక్కడ కూడా జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ మినహాయింపే. రాష్ట్రాల పెట్టుబడి వ్యయానికి కేంద్రం ఇచ్చే 50 ఏళ్ల వడ్డీ లేని రుణం సైతం నిర్మాణాలకు, ఆస్తులకే. ఏ ఆధారం చూసినా ఆగేది ఒకే చోట, మనుషుల జీతం దగ్గర. పోస్టులను ముందు రాయమని మొదట్లో చెప్పడానికి కారణం ఇదే.

మీ మండలంలో సిమెంటు కర్మాగారం, విద్యుత్ కేంద్రం, మందుల పరిశ్రమ వంటివి ఉంటే, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద అవి ఖర్చు చేయవలసిన సామాజిక బాధ్యత నిధిని అడగవచ్చు. ఆ చట్టం ఏడో షెడ్యూలులో విపత్తు నిర్వహణ స్పష్టంగా ఉంది. శ్వాస పరికరాలు, పోర్టబుల్ పంపులు, హైడ్రాలిక్ కట్టర్లు, నీటి సంపు నిర్మాణం దీనికి తగిన కోరికలు. గనులున్న జిల్లాల్లో ఖనిజ ఫౌండేషన్ నిధి కూడా ఉంటుంది. ఆరోగ్యం దాని ప్రాధాన్య రంగాల్లో ఒకటి కాబట్టి అంబులెన్సులకు అది ఉపయోగపడుతుంది. దాత ఇచ్చే ఏ పరికరాన్నయినా శాఖ ఆస్తి పుస్తకంలో నమోదు చేయించాలి, లేదంటే రెండో ఏడాది దాని మరమ్మతుకు ఒక్క రూపాయి కూడా రాదు.

అంబులెన్సు విషయం క్లుప్తంగా చెబుతాను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవకు అర్జీ వెళ్లవలసింది జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి. లక్ష జనాభాకు ఒక సాధారణ అంబులెన్సు, ఐదు లక్షలకు వెంటిలేటర్ వంటి ప్రాణాధార పరికరాలున్న ఒక అంబులెన్సు అన్నది జాతీయ ఆరోగ్య మిషన్ ప్రమాణం. ఆ మిషన్ నిధులను రాష్ట్రాలు 2022-24 నుంచి రెండేళ్ల ప్రణాళికలతో కోరుతున్నాయి కనుక, జిల్లా ప్రణాళిక తయారయ్యే నెలల్లో మీ అవసరం అందులో చేరకపోతే రెండేళ్లు ఎదురుచూడవలసి రావచ్చు. ఇక్కడ కూడా బండితో పాటు పైలట్లు (అంబులెన్సు డ్రైవర్లు), ఈఎంటీలు (అత్యవసర వైద్య సహాయకులు) ఎన్ని షిఫ్టులకు ఇస్తారన్న ప్రశ్న వదలకూడదు.

స్టేషన్ వచ్చేదాకా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఎండాకాలం మూడు నెలలకు ఒక బండిని, సిబ్బందిని మండల కేంద్రంలో ఉంచమని జిల్లా అధికారిని అడగవచ్చు. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు, ఒక గది, నీళ్లు, మరుగుదొడ్డి చూపిస్తే చాలు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇచ్చే లక్ష్యంతో నడిపిన ఆపద మిత్ర పథకంలో మీ జిల్లా వాళ్లు ఎవరు శిక్షణ పొందారో కలెక్టరేట్‌లో తెలుసుకుని, వారిని మండలంలో ఒకచోట చేర్చవచ్చు. పొలాల్లో వాడే ట్రాక్టర్ ట్యాంకర్లకు పంపు బిగించి, ఎవరి ఫోన్ నంబరుకు ముందుగా చేయాలో ఊరి కూడలిలో రాయించడం ఊరి వాళ్లే చేసుకోగల పని. అయితే ఈ ఏర్పాట్లను చూపి "మీకు ఇప్పటికే ఉంది కదా" అని ఎవరైనా అంటే, ఇవి తాత్కాలికమని అర్జీలో ముందే రాసి ఉంచుకోవాలి.

మంజూరు వచ్చిన తర్వాత

ఫైరింజన్ దుకాణంలో సిద్ధంగా దొరికే వస్తువు కాదు. సాధారణంగా లారీ ఛాసిస్ ఒక కంపెనీ నుంచి కొని, నీళ్ల ట్యాంకు, పంపు, పెట్టెలు బిగించే పనిని మరొకరికి అప్పగిస్తారు. టెండరు, తయారీ, తనిఖీ కలిపి నెలలు పడుతుంది. ఆ సమయాన్ని భవనానికి, నియామకాలకు వాడుకునేలా మూడు పనులూ ఒకే రోజున మొదలవ్వాలని కలెక్టర్ సమీక్షలో అడగండి. భవనంలో సిబ్బంది పడుకునే గది, స్నానపు గది, బట్టలు ఆరబెట్టే చోటు ఉన్నాయో లేదో నమూనా దశలోనే చూడండి. మనం సిబ్బందిని అడిగినప్పుడు వాళ్లు ఉండే చోటును కూడా అడిగినట్టే.

స్టేషన్ మొదలైన రోజు నుంచి ఒక పుస్తకం పెట్టండి. ప్రతి కాల్‌కు బండి ఎన్ని నిమిషాల్లో చేరింది, మీద ఎంతమంది ఉన్నారు, ఎన్నిసార్లు డీజిలు లేక ఆగింది, ఎవరి బదిలీ తర్వాత ఏ పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది అన్నవి అందులో రాయండి. స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌తో సఖ్యంగా ఉండి ఈ వివరాలు తీసుకోవాలి. ఆయన కూడా ఇవే కొరతలతో ఇబ్బంది పడుతున్న మనిషి, పైకి రాయడానికి ఆయనకు లేని వెసులుబాటు మీకు ఉంది. మళ్లీ సెప్టెంబరు వచ్చి శాఖ నంబర్ స్టేట్‌మెంట్లు తయారుచేసే వేళకు ఆ పుస్తకంలోని పన్నెండు నెలల అంకెలు ఒక పుటలో రాసి, ఖాళీ పోస్టుల జాబితాను పైన పెట్టి, జిల్లా అగ్నిమాపక అధికారికి, కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు ఒక్కో ప్రతి ఇచ్చి రశీదు తీసుకోండి.